రేడియో నలిపేసిన మూడు కాళ్ల ముక్క

మా వీధిలో రిపేరు దుకాణం నడిపే ఆయన సొంత బామ్మర్ది సొత్తు కాజేశాడట. బామ్మర్ది తన గిటారుకి తగిలించే పాతకాలపు పెట్టె ఒకటి బాగుచేయమని ఇస్తే, అందులోంచి అసలు ముక్క పీకి ఎవరికో పెద్ద రేటుకి అమ్ముకుని, దాని చోట ఏదో చవక ముక్క అతికించాడట. ఈ 'అట'లు నాకు మొదట టైలరు దగ్గర తగిలాయి. తర్వాత మందుల షాపులో తగిలాయి. ఆఖరికి మా మెట్లు కడిగే మనిషి కూడా చీపురు పక్కన పెట్టి, "మీకు తెలుసా అమ్మా?" అంటూ నాకే చెప్పబోయింది. ఈ వీధిలో ఎవరింట్లో పాలు పొంగినా ముందు నా ముక్కుకే తెలుస్తుంది. అలాంటిది నా దగ్గరికే కబురు మోసుకొచ్చింది!

ఇందులో ముక్క పీకి ఇంకోటి వేశాడన్నది ఒక్కటే నిజం. మిగతాదంతా అబద్ధం. ఆ ముక్క ఏమైందో కళ్లారా చూసిన మనిషిని నేను. పక్కన నిలబడి రెప్ప వేయకుండా చూశాను. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రాశానని తెలిస్తే ఆయన నన్ను చూసి ముఖం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనీ. ఇది చదివాక జనం దొంగ అనడం మానేసి ఇంకోటేదైనా అంటే, అది వాళ్లూ ఆయనా తేల్చుకోవాలి. ఒక మనిషిని చేయని పనికి వీధంతా ఆడిపోసుకుంటుంటే నోరు కుట్టేసుకుని కూర్చోవడం నా వల్ల కాదు.

ఆయన్ని మేమందరం 'రేడియో' అంటాం. ఇప్పుడు రేడియోలు తెచ్చేవాళ్లు ఎవరూ లేరు. ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, గంట మోగని గడియారాలు వస్తాయి. అయినా పేరు మాత్రం అతుక్కుపోయింది. నేను తమ్ముడూ అంటాను, ఆయన అక్కా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆయన దుకాణం మా మెట్ల కింద, ఆయన ఇల్లు మా ఇంటి పక్కన, అదే చుట్టరికం. దుకాణం ఎంతంటే, ఆయన లోపల కూర్చుని చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. బల్ల మీద వంగే దీపం, దాని కింద ఆయన వంగే నెత్తి. వీపు వెనక అరల్లో చచ్చిపోయిన పాత రేడియో సెట్లు, తీగల చుట్టలు, మూత లేని డబ్బాల్లో మరలు. బయట కస్టమర్లకి ఒక కుర్చీ ఉంది. కస్టమర్లు తక్కువ కాబట్టి అందులో ఎక్కువగా నేనే కూర్చుంటాను.

మనిషి పొదుపరి. డబ్బు సంగతి కాదు, మాట సంగతి. నాలుగు మాటలు అడిగితే ఒకటి చెబుతాడు, అది కూడా నోట్లో మర పెట్టుకుని చెబుతాడు. వాళ్లావిడ, అంటే నాకు మరదలి వరస, "పెళ్లయ్యాక ఈయన నాతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక ఉత్తరం నిండదు వదినా" అంటుంది. కానీ పనిలో మాత్రం ఆయనకొక పట్టింపు ఉంది. అది తెలియకపోతే ఈ గొడవంతా అర్థం కాదు.

దుకాణం తెరిచిన కొత్తలో ఎవరో ఆయన మీద నింద వేశారట. తన సెట్లోంచి బాగున్న ముక్క తీసి ఇంకొకడి సెట్లో వేశావు అని. ఆ రోజు నుంచి ఆయన ఏ వస్తువులోంచి ఏ ముక్క తీసినా, దాన్ని ఆ వస్తువు తెచ్చిన మనిషి కళ్లెదుట కటింగ్ ప్లేయర్‌తో నలిపేస్తాడు. ముందు ఆ ముక్కని బల్ల మీద దీపం కింద పెడతాడు. "చూస్తున్నారుగా?" అంటాడు. అవతలి మనిషి "చూస్తున్నా" అనాలి. అనకపోతే చేయడు. అన్నాక, కటుక్కు. పిండి పిండి చేసి చెత్తడబ్బాలోకి ఊడుస్తాడు. అప్పుడు గానీ వస్తువు చేతికి ఇవ్వడు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. "నలుపుకోవయ్యా, నేను మళ్లీ వస్తా" అంటారు. వాళ్లు మళ్లీ వచ్చేదాకా ఆ ముక్క బల్ల మీద అలాగే కూర్చుంటుంది, పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు. వాళ్లు ఎంతకీ రాకపోతే దారిన పోయేవాళ్లనైనా పిలుస్తాడు గానీ, సాక్షి లేకుండా నలపడు. ఆ సాక్ష్యం పని చాలాసార్లు నా నెత్తినే పడింది. నాకు పోయేదేముంది, చూడటమంటే నాకు అన్నం కంటే ఇష్టం.

ఇక బామ్మర్ది. వాళ్లావిడ తమ్ముడు. మేం గిటారబ్బాయి అంటాం గానీ, అబ్బాయికి చెంపలు నెరిశాయి. చిన్నప్పుడు అక్క వెంట ఈ ఇంటికొచ్చి ఇక్కడే పెరిగాడు. బావ సోల్డరింగ్ చేస్తుంటే పక్కన కూర్చుని తీగలు పట్టుకున్నవాడు. బావని 'నువ్వు' అనే పిలుస్తాడు. అక్క ఎన్ని మొట్టికాయలు వేసినా ఆ 'నువ్వు' మారలేదు. రేడియోకి అదంటే లోపల్లోపల మురిపెం. బయటికి ఏమీ అనడు, కానీ వాడొచ్చి "ఏం బావా, ఇంకా బతికే ఉన్నావా?" అనగానే నోట్లోంచి మర తీస్తాడు. మాకెవరికీ తీయడు.

వాడి దగ్గర ఒక ఇనప పెట్టె ఉంది. అన్నం డబ్బాకి కాస్త పెద్ద, ఇటుక్కి కాస్త చిన్న. రంగు అక్కడక్కడా లేచిపోయింది. పైన కాలితో నొక్కే బొత్తాం, పక్కన తిప్పే చెవులు. పెడల్ అంటారు. గిటారు తీగ ఆ పెట్టెలోంచి పోయి స్పీకరుకి చేరుతుంది. బొత్తాం నొక్కగానే అప్పటిదాకా శుభ్రంగా పలికిన గిటారు బొంగురు పోతుంది. గొంతు రాసుకుపోయిన మనిషి, అయినా ఆపకుండా, పట్టుదలగా పాడుతున్నట్టు ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను, "పాడైపోయిందేమో చూడు నాయనా" అన్నాను. "దీని కోసమే వదినగారూ ఇంత పాతది వెతుక్కుని కొన్నది" అని పగలబడి నవ్వాడు.

ఆ పెట్టె ఉన్నట్టుండి మూగబోయింది. మామూలుగా అయితే పెద్ద విషయం కాదు. కానీ వాడు, వాడి జట్టు కలిసి వాళ్ల సొంత పాటలు రికార్డు చేస్తున్నారు. వాడి జన్మలో మొదటిసారి. సగం పాటలు ఆ బొంగురు గొంతుతో అయిపోయాయి. మిగతా సగానికి స్టూడియో వాళ్లు రోజు ఇచ్చేశారు. వేరే పెట్టె పెట్టి వాయిస్తే, ఒకే మనిషి మధ్యలో గొంతు మార్చినట్టు ఉంటుందట. వాడు పరిగెత్తుకుంటూ బావ దగ్గరికి వచ్చాడు. వేరే ఎవరి దగ్గరికి పోతాడు?

ఆ సమయానికి నేను కుర్చీలో ఉన్నాను. నా టేబుల్ ఫ్యాన్ అప్పుడే బాగై, బల్ల మీద గిరగిరా తిరుగుతోంది. రేడియో పెట్టె మూత విప్పాడు. లోపల చూస్తే ఏముంది, నాలుగు ముక్కలు, ఐదు తీగలు. ఇంతోటి దానికా ఇంత గోల అనుకున్నాను. బ్యాటరీ దగ్గర తీగ తుప్పు పట్టి తెగింది. కొత్త తీగ వేసి అతికించాడు. నా టీ చల్లారకముందే పెట్టె మాట్లాడింది. గిటారబ్బాయి ఒక తీగ మీటి, "బర్ర్" మనగానే ఎగిరి గంతేసి, "బావా, నీ చేతులు కళ్లకద్దుకోవాలి" అన్నాడు. అంతలో వాడి ఫోన్ మోగింది. మాట్లాడుకుంటూ వీధి అవతలికి వెళ్లాడు.

అక్కడితో మూత వేసేసి ఉంటే ఈ కథే లేదు. కానీ రేడియో ఏ వస్తువునీ సగం చూసి వదలడు. తెరిచాక లోపల ఉన్న ప్రతి ముక్కనీ మీటరుతో తట్టి చూస్తాడు. రేపు మళ్లీ పాడై తిరిగొస్తే ఆయనకి తల కొట్టేసినట్టు ఉంటుంది. అలా తడుతూ తడుతూ ఒక చోట ఆగాడు. బఠాణీ గింజంత ముక్క. చిన్న వెండి టోపీ పెట్టుకుని, మూడు కాళ్ల మీద నిలబడింది. ట్రాన్సిస్టర్.

"ఇది కారుతోందక్కా" అన్నాడు.

నేను వంగి చూశాను. "తడి ఏదీ?"

"కరెంటు కారడం. పని అయిపోయిన ముక్క. ఎన్నాళ్లో ఉండదు. మా అబ్బాయి స్టూడియోలో ఉండగా పోతే?"

మా అబ్బాయి అన్నాడు. మాట పొదుపరి కదా, అలాంటివి నేను వదలను, మనసులో రాసుకున్నాను. వెంటనే అరలోంచి కొత్తది తీసి, దాని కాళ్లు వంచి, పాతదాని చోట అతికించాడు. పాతదాన్ని దీపం కింద పెట్టాడు. బామ్మర్ది ఇంకా వీధి అవతల, మాకు వీపు పెట్టి, ఫోన్లో చెయ్యి ఊపుతూ మాట్లాడుతున్నాడు. రేడియో ఒకసారి అటు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు.

"అక్కా, మీరే. చూస్తున్నారుగా?"

"చూస్తున్నా తమ్ముడూ."

కటుక్కు.

వెండి టోపీ చితికింది. లోపల నల్లగా ఏదో పొడి. ఇంకో నొక్కు నొక్కి, పొడిని చెత్తడబ్బాలోకి ఊడ్చాడు. నేను నా ఫ్యాన్ చంకలో పెట్టుకుని పైకి వచ్చేశాను.

తర్వాత జరిగింది నేను చూడలేదు. నా జన్మలో నేను చూడకుండా పోయిన మంచి ఘట్టం అదొక్కటే, దానికి కారణం ఆ దిక్కుమాలిన ఫ్యాన్. దాన్ని కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చుంటే, దాని హోరులో కింద అరుపులు వినిపించాయి గానీ మాటలు అందలేదు. నేను చెప్పులు వెతుక్కుని దిగేసరికి బామ్మర్ది లేడు. రేడియో షట్టరు సగానికి దించేసి ఉన్నాడు.

"ఏమైంది తమ్ముడూ?"

"ఏం లేదక్కా."

మరునాటి నుంచి మొదలైంది. మామూలుగా ఆ దుకాణంలో వినిపించేది మరల గలగల మాత్రమే. ఇప్పుడు గిటారు. ఒకే తీగ, ఒకే స్వరం. టింగ్. ఆగుతుంది. మళ్లీ టింగ్. బామ్మర్ది మీటుతాడు, తల అడ్డంగా ఊపుతాడు. రేడియో ముక్క పీకి ఇంకో ముక్క వేస్తాడు. మళ్లీ టింగ్. మళ్లీ తల అడ్డం. మెట్లెక్కుతూ ఒకసారి ఆగి విన్నాను. గిటారు ఫోన్లో టైము చెప్పే అమ్మాయిలా చక్కగా, శుభ్రంగా పలుకుతోంది.

"ముందుకంటే బాగుంది కదరా!" అంటున్నాడు రేడియో.

"బాగుంది బావా. అదే నా ఏడుపు!"

"గరగర పోయింది. చీదడం పోయింది. ఇంకేం కావాలి?"

"ఆ గరగరే కావాలి!"

రేడియో ముఖం చూడాలి మీరు. ఆయన బతుకంతా గరగర తీసేయడంలోనే గడిచింది. జనం వచ్చి, "గరగర వస్తోంది, పోగొట్టండి" అంటే పోగొట్టాడు. ఇప్పుడు సొంత బామ్మర్ది వచ్చి, పోయిన గరగర తెచ్చిపెట్టమంటున్నాడు. ఎక్కడి నుంచి తెస్తాడు?

అరల్లో చచ్చిపోయిన సెట్లన్నీ కిందికి దిగాయి. ఒక్కొక్కదాని పొట్ట కోసి, పాత ట్రాన్సిస్టర్లు పీకాడు. కొన్ని అసలు పలకలేదు. కొన్ని పలికీ పలకనట్టు తుమ్మాయి. ఒకటి మాత్రం పొద్దున పూట సరిగ్గా అదే గొంతుతో పలికింది. గిటారబ్బాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎండ ఎక్కాక మళ్లీ మీటితే, అదే ముక్క గురక పెట్టింది.

"ఈ రకానికి వేడి పడదక్కా" అన్నాడు రేడియో, తల పట్టుకుని. "పొద్దున ఒక మాట, మధ్యాహ్నం ఒక మాట."

"మీ బావగారి జాతి అన్నమాట" అన్నాను, మా ఆయన్ని తలుచుకుని. నవ్వలేదు. ఏదైనా అంటే కనీసం కళ్లతో నవ్వే మనిషి. చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్‌ని గోడకేసి కొట్టాడు. అది గోడకి తగిలి, మరల డబ్బా మీద పడి, డబ్బా బోర్లా పడింది. ఇద్దరం కింద కూర్చుని మరలు ఏరాం.

ఇంటి దగ్గర మరదలు నిప్పులు కక్కుతోంది. "ఫ్రిజ్ తెరిస్తే పాలగిన్నె పక్కన చిన్న మూతలో మూడు కాళ్ల పురుగులు వదినా! చల్లబరుస్తున్నాడట. కూరగాయల అర ఖాళీ చేయమంటాడు. అటు తమ్ముడు తిండి మానేశాడు, స్టూడియో రోజు దగ్గర పడుతోందని. ఇటు ఈయన మాట మానేశాడు. ఉన్నవే నాలుగు మాటలు, అవీ పోయాయి. మధ్యలో నేను ఎవరికని వడ్డించను?"

స్టూడియో రోజు వచ్చింది, వెళ్లిపోయింది. జట్టువాళ్లు గిటారబ్బాయిని వదిలేసి, వాడి వంతు తర్వాత చూద్దామన్నారట. ఆ 'తర్వాత' ఎప్పుడో ఎవరూ చెప్పలేదు.

నేను ఇదంతా పెట్టె మొండితనం అనుకున్నానే గానీ, ఆ బొంగురు గొంతంతా నలిగిపోయిన ఆ ముక్కదేనని నాకు తట్టలేదు. అది టైలరు నోటి నుంచి తెలిసింది. జాకెట్టు కొలత ఇవ్వడానికి వెళ్తే, మెడలో టేపు వేసుకుని గుసగుసగా మొదలుపెట్టాడు. టైలరు కొట్టు రేడియో దుకాణానికి గోడ పక్క గోడ. అక్కడ చీమ దగ్గినా ఇక్కడ వినిపిస్తుంది.

"నా చెవులతో విన్నాను పెద్దమ్మా. ఆ గిటారాయన అడుగుతున్నాడు. 'ఇవేవీ వద్దు బావా, పాతదే కావాలి, ఏదీ?' అని. ఈయన 'పారేశా' అన్నాడు. 'ఎక్కడ పారేశావ్?' అంటే ఈయన మరల డబ్బా కెలుక్కున్నాడు. అప్పుడు గిటారాయన అన్నాడు, 'మ్యూజిక్ షాపులో కనుక్కున్నాను. ఆ ముక్క ఇప్పుడు ఎక్కడా తయారు కావడం లేదట. ఉన్నవాళ్ల దగ్గర నోటికొచ్చిన రేటు పెట్టి కొంటున్నారట. నీకు తెలుసా?' అని. అంతే, ఈయన చెయ్యి ఆగిపోయింది. నేను తొంగి చూశాగా! తప్పు చేసినవాడి ముఖమే పెద్దమ్మా, అచ్చం."

"తప్పు చేసిన ముఖమేమిటి నీ ముఖం! ఆయన దాన్ని నలిపేశాడు. నేను పక్కనే ఉండి చూశాను."

టైలరు నా వైపు జాలిగా చూశాడు. "నలిపాడు సరే. నలిపింది అదేనని గ్యారంటీ ఏంటి? అసలుది జేబులో వేసుకుని, ఏదో పనికిరాని ముక్క మీ ముందు నలిపి ఉండొచ్చుగా?"

"ఆయనేమన్నా గారడీవాడా?"

"గారడీ ఎందుకు పెద్దమ్మా, చెయ్యి అలవాటైతే చాలు. మా దగ్గర గుడ్డముక్కలు ఎలా మాయమవుతాయో నాకు తెలీదా?" అని నాలిక్కరుచుకున్నాడు.

ఆ జాకెట్టు గుడ్డ నేను వెనక్కి తీసుకొచ్చేశాను. అది వేరే సంగతి.

కానీ నా కడుపు మండిపోయింది. ఏ నింద పడకూడదని ఇన్నేళ్లూ ప్రతి ముక్కనీ నలుపుతూ వచ్చాడో, సరిగ్గా అదే నింద ఆయన మీద పడింది. పడింది కూడా నలపడం వల్లే! నలపకుండా డబ్బాలో పడేసి ఉంటే, వెతికి తీసి మళ్లీ అతికించేవాడు. పెట్టె పలికేది, వాడు స్టూడియోకి వెళ్లేవాడు. నాకు అనిపించింది, ఇందులో ఎవరూ చెడ్డవాళ్లు కాదు, నిజం చెబితే చాలు, అందరూ చల్లబడతారని.

నేరుగా పక్కింటికి వెళ్లాను. మరదలు చిక్కుళ్లు ఒలుస్తోంది. ఆవిడ తమ్ముడు గోడకి చేరగిలబడి, గిటారు ఒళ్లో పెట్టుకుని, వాయించకుండా కూర్చున్నాడు. చూసింది చూసినట్టు చెప్పాను. ఫోన్ మాట, వీపు తిప్పి నిలబడటం, నన్ను సాక్షిగా పిలవడం, టోపీ చితకడం, నల్ల పొడి, అన్నీ చెప్పాను. మరదలు చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"అంటే బావ అమ్మలేదా?" అన్నాడు వాడు, చిన్నపిల్లాడిలా.

"అమ్మడమా! నువ్వు స్టూడియోలో ఉండగా పాడైపోతుందేమోనని మార్చాడు నాయనా. 'మా అబ్బాయి' అన్నాడు. ఈ చెవులతో విన్నాను."

వాడు లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాడు. వెనక నేను, నా వెనక చిక్కుళ్ల గిన్నె పట్టుకుని మరదలు. గండం గడిచింది, ఇక బావామరదులు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు, దగ్గరుండి చూద్దాం అని నేను కొంగు కూడా సర్దుకున్నాను.

"బావా, వదినగారు చెప్పింది నిజమేనా? ఆ ముక్కని నలిపేశావా?"

రేడియో తల ఎత్తలేదు. దీపం కింద ఏదో గీకుతున్నాడు. గీకుతూనే అన్నాడు.

"ఈ అక్క చూసింది ఆవిడ ఫ్యాన్‌లోంచి తీసిన కండెన్సర్."

నేను వాణ్ని తప్పించుకుని ముందుకొచ్చాను. "తమ్ముడూ! నా ఫ్యాన్ కండెన్సర్ అగ్గిపెట్టంత ఉంటుంది. నువ్వు నలిపింది బఠాణీ గింజంత. మూడు కాళ్లు! నేనేం గుడ్డిదాన్నా?"

"పొరబడ్డారక్కా."

"మరి అసలుది ఏమైంది?" అన్నాడు బామ్మర్ది.

"అడగకు."

పక్క కొట్లో టైలరు మిషను ఆగింది. ఆ మిషను ఎందుకు ఆగిందో చెప్పనక్కర్లేదు. బల్ల మీద పెట్టె మూత తెరుచుకుని, పేగులు బయటపెట్టుకుని ఉంది. వాడు దాని మీద చెయ్యి వేశాడు, తీసుకోబోయాడు, మళ్లీ వదిలేశాడు.

"ఉంచుకోండి" అన్నాడు. "మిగిలిన ముక్కలు కూడా పనికొస్తాయేమో మీకు."

మీకు. బావని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నువ్వు అన్నవాడు, అక్క మొట్టికాయలు వేసినా మార్చనివాడు, ఉంచుకోండి అన్నాడు. మీకు అన్నాడు. రేడియో చేతిలో ఉన్నది జారి బల్ల మీద పడింది. బామ్మర్ది అప్పటికే వీధి మలుపు తిరిగాడు, ఉత్త కాళ్లతో. మరదలు మొగుడి వైపు ఒక చూపు చూసి, గిన్నె చంకలో పెట్టుకుని పైకి పోయింది. ఆ పూట నుంచి ఆయన భోజనం డబ్బాలో దుకాణానికే వస్తోంది. అంటే ఇంట్లో పక్కన కూర్చోబెట్టుకుని వడ్డించడం లేదన్నమాట.

నా సంగతి చెప్పక్కర్లేదు. వీధి ముందు అబద్ధాలకోరునయ్యాను. మందుల షాపువాడు నేను తలనొప్పి మాత్ర అడిగితే, "నిజంగానేనా?" అన్నాడు. ఇన్నేళ్లుగా సాక్షిగా నిలబెట్టి, తీరా సాక్ష్యం పనికొచ్చే రోజున నా నోట్లో మట్టి కొట్టాడు. ఎందుకు? అమ్మాడా అంటే అమ్మలేదు. అది నాకు తెలుసు, ఆయనకి తెలుసు. నలిపానని చెబితే పోయేదేముంది? బామ్మర్ది దక్కుతాడు, పెళ్లాం మాట్లాడుతుంది, దొంగతనం మచ్చ పోతుంది. ఆలోచించి ఆలోచించి నాకు నిద్ర కూడా కరువైంది. ఒక విషయం తెలియకుండా ఉండిపోవడం నా ఒంటికి పడదు.

ఆఖరికి ఒక పొద్దున దుకాణానికి వెళ్లి, కుర్చీ లాక్కుని, బల్లకి ఆనించి వేసుకుని కూర్చున్నాను. ఆయన పెట్టెలో ఇంకో పాత ముక్క అతికిస్తున్నాడు. బామ్మర్ది లేడు, గిటారు లేదు, విని చెప్పే మనిషే లేడు. అయినా అతికిస్తున్నాడు. గడ్డం పెరిగింది.

"తమ్ముడూ, ఒక్కటే అడుగుతాను. నేను అబద్ధం చెప్పానా?"

"లేదక్కా."

"నువ్వు నలిపింది ఆ ముక్కేనా?"

"అదే."

"మరి ఎందుకు చెప్పవు? దొంగ అంటున్నారు నిన్ను. నీ బామ్మర్ది మీరు అంటున్నాడు. ఒక్క మాట, 'నలిపేశాను, తెలియక నలిపేశాను' అని అంటే అరిగిపోతావా?"

ఆయన సోల్డరింగ్ ఐరన్‌ని స్టాండులో పెట్టాడు. నోట్లో ఉన్న మర తీసి బల్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లలో నాకోసం తీయడం అదే మొదలు. ఒక్కో మాట ఏరుకుంటున్నట్టు మెల్లగా చెప్పాడు.

"అదేనక్కా, ఆ 'తెలియక' అన్న మాట. దొంగ అనుకుంటే, వీడు దొంగే గానీ చేతిలో ఉన్నదేంటో తెలిసినవాడు అనుకుంటారు. దొంగ దగ్గరికైనా రిపేరుకి వస్తారు, పక్కన నిలబడి కళ్లప్పగించి చూసుకుంటారు, అంతే. వాళ్లని అలా నిలబెట్టింది నేనే కదా ఇన్నాళ్లూ. ఇంకెక్కడా దొరకని ముక్కని చెత్త అనుకుని చేతులారా చిదిమేశానని తెలిస్తే, ఎవరొస్తారు చెప్పండి? వాడొస్తాడా? చిన్నప్పటి నుంచి నాకు తెలియంది లేదనుకున్నాడు వాడు. నా మీద కోపం పెట్టుకోనీ, పర్లేదు. కొంచెం ఆ కుర్చీ వెనక్కి జరపండక్కా, వెలుతురుకి అడ్డొస్తున్నారు."